సంపు మూత

నాకు చదువు పెద్దగా రాదు. పేరు రాస్తా, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటా, అంతే. అందుకని నేను చెప్తాండా, ఒకామె రాస్తాండాది. నేను తిట్టిన చోట తిట్టు గూడ రాయమ్మా, కడిగి తుడిచి రాయొద్దు అని ముందే చెప్పినా.

మాది సోమందేపల్లె. పెద్దరోడ్డు పక్కన ఒకాయప్పవి నాలుగు ఇండ్లు వరసగా ఉండాయి. రేకుల కప్పు, ఇంటికొక గది, వెనక నీళ్ళు పోసుకునేకి బచ్చలి. ఆయప్పకు బజార్లో సరుకుల అంగడి ఉండాది. అందుకే మేమంతా అంగడాయప్ప అంటాము. రోడ్డు వార మొదటి గదిలో నేనుంటా. బాడుగకే. మా ఇంటాయన చెనిక్కాయల మిల్లులో మూటలు మోసేవాడు. ఒక పొద్దు మూట దించినాడు, కూసున్నాడు, మళ్ళ లేయలే. పిల్లోళ్ళు లేరు మాకు. ఆయన పోయినప్పుడు అంగడాయప్ప బియ్యం పంపినాడు, ఉప్పూ పప్పూ పంపినాడు, ఆ నెల బాడుగ అడగలే. ఈ మాట ముందే చెప్పల్ల. లేకుంటే వినేటోళ్ళు ఆయప్పను రాక్షసుడనుకుంటారు. రాక్షసుడైతే నాకు ఇంత బాధ ల్యాకుండె.

గది ముందర కొంచెం చోటుంది. ఆడ కట్టెల పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు తట్టి అమ్ముతా. పక్కన చెనిక్కాయల ఊరిబిండి నూరి పెడతా. లారీలోళ్ళు ఆపుకుని తింటారు, బస్సులోళ్ళు కట్టించుకుని పోతారు. ఊరి లోపలికి పోతే నా రొట్టె ఎవురికి కావల్ల? ఆడ ఇంటింటికీ రొట్టె తట్టే ఆడది ఉండాది. రోడ్డు మీద ఆకలయ్యే వానికే నా రొట్టె. ఆ గది పోతే నా కూడు పోతాది. అది ఒక్కటి తెలుసుకుంటే చాలు, నేను చెప్పే దాంట్లో ఇంకేమీ దాపరికం లేదు.

నా పక్క గదిలో జాకెట్లు కుట్టే ఆయమ్మ ఉండె, మొగుడు, చిన్న పాప. దాని పక్కన గోడలు కట్టే బేల్దారి పని చేసే మొగుడూ పెండ్లాం. కడాకుండే గది ఎప్పుడూ డ్రైవర్లకిస్తాండె, వాళ్ళు వస్తాంటారు పోతాంటారు. నాలుగిండ్లకీ కలిపి ముందర భూమిలో ఒక సంపు. బోరు ఎండిపోయి శానా కాలమాయె. ట్యాంకరు వచ్చి సంపులో నీళ్ళు పోసి పోతాది, మేము బిందెకు తాడు కట్టి చేదుకుంటాము. పొద్దు వాలినాక ఆ సంపు కాడనే మా కూటం. బియ్యం ఏరేది ఆడనే, పాపకు తల దువ్వేది ఆడనే, మొగోళ్ళను ఆడిపోసుకునేది ఆడనే. నాకు మొగుడు లేడు కాబట్టి వాళ్ళ మొగుళ్ళను నేనే ఎక్కువ తిడతాంటి. "అక్కా, మా ఆయప్పను మాకు కొంచెం మిగిల్చు" అని జాకెట్లామె నగుతాండె.

ఆ సంపు మీద కప్పిన బండ ఎండాకాలం ముందు పగిలి సగం లోపల పడె. అంగడాయప్పకు చెప్పినాము. "వచ్చే వారం వేయిస్తా" అనె. ఎన్ని వారాలు వచ్చినాయో పోయినాయో. బేల్దారి ఆయప్ప ఒక కంపకొమ్మ తెచ్చి ఆ సందు మీద కప్పె. ఒకనాడు పొద్దున్నే బిందె వేస్తే మెత్తగా తగిలె. కుక్క. నీళ్ళ వాసనకు వచ్చి పడినట్లుంది పాపం, దానికీ దప్పికే.

అంగడాయప్ప మనిషిని పంపి కుక్కను తీయించినాడు. తెల్లపొడి తెచ్చి చల్లించినాడు. "రెండు పొద్దులు తాగొద్దు, తర్వాత వడగట్టి కాంచుకోండి" అనె. మరి ఆ నీళ్ళు పారబోయల్ల కదా అని మీరంటారు. మా పక్క పుట్టినోళ్ళు ఆ మాట అనరు. ఆ ముందు రోజే ట్యాంకరు వచ్చి సంపు నిండింది. మళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తాదో ఎవురికీ తెలీదు. నిండిన నీళ్ళు పారబోసేది మా చేతులకు రాదు. పక్క గదులోళ్ళు పారబోయమనలే, నేనూ అనలే. కాంచుకున్నాము, తాగినాము. నేను అవే నీళ్ళు మరగబెట్టి రొట్టెపిండి పిసికినా.

పాపకు వాంతులు, భేదులు పట్టుకునె. కండ్లు లోపలికి పోయినాయి. జాకెట్లామె పాపను ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తె. రెండో రోజు ఊర్లో తిరిగే నర్సమ్మ వచ్చి అందరినీ అడిగె, "ఏం తిన్నారు, ఏం తాగినారు?" బేల్దారి ఆమె తల దించుకునె. జాకెట్లామె మొగుడు "బయట తిండి ఏమో" అనె. నాకు పాప కండ్లే కనపడతాండాయి. "తిండి కాదమ్మా, సంపులో కుక్క పడింది. ఆ మూత ఒకటి వేయించు తల్లీ" అంటి. నేనడిగింది మూతే. నీళ్ళు పారబోయమని అడగలే. ఈ మాట నేను తర్వాత ఎంతమందికి చెప్పినా ఎవురూ వినలే.

మర్నాడు పంచాయితీ నుంచి మనుషులు మోటారు తెచ్చినారు. సంపులోని నీళ్ళు మొత్తం రోడ్డు పక్కకు తోడేసినారు. ఆ పైపు కాడ చూడల్ల మీరు. కుక్క పడిన నీళ్ళని తెలిసీ సందులోని ఆడోళ్ళంతా బిందెలు, బకెట్లు, ఆఖరికి సంగటి గుండిగలు గూడ తెచ్చి పట్టుకున్నారు. బట్టలకు పనికొస్తాయి, ఇల్లు కడిగేకి పనికొస్తాయి. ఒక ముసలాయప్ప బర్రెను తోలుకొచ్చి తాపె. మిగిలినవి ఎర్రమట్టిలో ఇంకిపోతాంటే అందరూ నిలబడి చూసినారు. నీళ్ళను చూసినారు, తర్వాత నన్ను చూసినారు. నర్సమ్మకు చెప్పింది నేనే అని అప్పటికే తెలిసిపోయింది.

పంచాయితీ వాళ్ళు అంగడి కాడికి పోయి, బేరానికొచ్చినోళ్ళ ముందరే ఆయప్పను అడిగినారంట. "ఆసుపత్రి పాలు చేస్తావా జనాలను? వారంలోపల మూత వేయకుంటే జరిమానా" అన్నారంట. కోమటి ఇంట పుట్టి, బజార్లో అందరి చేత అన్నా అన్నా అనిపించుకునే మనిషి. కొనేకి వచ్చినోళ్ళ ముందర తల వంచుకున్నాడు. దుడ్లు పోతే మరిచిపోవునేమో, అది మరిచిపోలే.

పాపకు నయమై ఇంటికొచ్చినాక, ఒక మాపుటేల ఆయప్ప వచ్చినాడు. ఎప్పుడూ "అక్కా" అని పిలిచేవాడు. ఆ పొద్దు "ఏమమ్మా" అనె. అప్పుడే నాకు తెలిసె.

"ఏమమ్మా, ఇల్లు ఖాళీ చెయ్యల్ల. కొడుక్కు పెండ్లి చేస్తాండాము, ఇల్లు కావల్ల."

"నీ కొడుక్కు పెండ్లై బిడ్డ గూడ పుట్టె కదన్నా. ఎన్ని పెండ్లిండ్లు చేస్తావు?"

జాకెట్లామె లోపల నుంచి నగినట్లు వినపడె, వెంటనే నోరు మూసుకునె. ఆయప్ప మొగం ఎర్రగాయె.

"నా ఇల్లు, నా ఇష్టం. అమాస లోపల సామాన్లు తీసెయ్. ఆషాఢం వచ్చేస్తాది."

"నేను చేసిన తప్పేమన్నా? మూత అడిగినా, అంతే కదా."

"నన్నడగల్ల. ఊర్లోవాళ్ళకు చెప్పేదేంది?"

"నిన్ను అడిగి అడిగి నోరు ఎండిపాయె కదన్నా."

"ఎండిన నోరుతో ఇంకో ఇల్లు ఎతుక్కో" అని పాయె.

నాకు చట్టం తెలీదు గానీ ఆషాఢం తెలుసు. శూన్యమాసంలో మా పక్క ఎవురూ ఇల్లు మారరు, వెలిగే దీపం తీయరు. ఆయప్ప ఇంట్లో ఇవన్నీ మాకంటే ఎక్కువ పట్టింపు. అమాస దాటేదాకా నోరు మూసుకుని కూసుంటే ఒక నెల మిగుల్తాది అనుకుంటి. కూసున్నా. అమాస పాయె. మర్నాడు పొద్దున్నే ఆయప్ప ఇద్దరు హమాలీలను పిలుచుకుని వస్తాంటే, వాళ్ళమ్మ అంగడి మెట్ల మీద నిలబడి అరిచిందంట. "ఒరే, ఆషాఢంలో ఒంటి ఆడదాన్ని వీధిలోకి తోస్తావా? దాని ఉసురు అంగడికి తగిలితే గల్లాపెట్టెలో బూడిద మిగుల్తాది రా." హమాలీలు మా ఇంటాయనతో మూటలు మోసినోళ్ళే. ఆ మాట వినంగానే ఎనక్కి తిరిగినారంట. ఆ ముసలామె నన్ను ఒక్కనాడు పలకరించింది లేదు. నా మీద జాలి కాదు, ఉసురు మీద భయం. ఏదైతేనేమి.

ఇంక ఆయప్ప ఇంకో దారి పట్టె. ఇనప మూత చేయించినాడు. పచ్చరంగు పూసిన మంచి మూత, కొండి, దానికి బీగం. ఆ బీగానికి బీగంచెవులు మూడే. జాకెట్లామెకు ఒకటి, బేల్దారి వాళ్ళకు ఒకటి, డ్రైవర్లకు ఒకటి. నాకు లేదు. నేనడిగిన మూత నాకే పడె.

పక్కన బిందెడు నీళ్ళు అడగొచ్చు కదా అనుకుంటారు. ఎవురన్నా నాకు నీళ్ళిస్తే వాళ్ళ బీగంచెవి గూడ తీసుకుంటానని చెప్పిపోయినాడు. వాళ్ళు నేను తలుపు మూసుకున్నాక వచ్చి చేదుకునేవాళ్ళు. నేను పొయ్యి కాడ కూసోనుంటే బిందెలు పట్టుకుని వాకిట్లోనే నిలబడేవాళ్ళు. వాళ్ళను చూడలేక నేనే లేసి లోపలికి పోతాంటి. రోడ్డు దాటి అవతల పెట్రోలు బంకు కుళాయి కాడ నుంచి రెండు బిందెలు మోసుకొచ్చేదాన్ని. లారీలు ఆగవు కదా. దోవ పక్కన నడుమెత్తు రాయి ఒకటుంటే దాని మీద బిందె దించి, గాలి పీల్చుకుని, మళ్ళ ఎత్తుకుని. అది గూడ ఓర్చుకుంటి. మాట్లాడేకి మనిషి లేకుండా పోయె చూడు, అది ఓర్చుకోలేకపోయినా. రొట్టె తట్టేటప్పుడు పిండితో మాట్లాడినా, పెనంతో మాట్లాడినా. ఒక లారీ ఆయప్ప "ఎవురితో మాట్లాడతాండావు అవ్వా" అంటే "నీ రొట్టెతోనే, మాడొద్దని చెప్తాండా" అంటి.

నెల తిరిగె. బాడుగ ఇచ్చేకి అంగడికి పోతే తీసుకోలే. "ఖాళీ చేసే ఇంటికి బాడుగేంది?" అని మొగం తిప్పుకునె. తీసుకోకుంటే నాకు మిగుల్తాది కదా అని పిచ్చిదాన్ని కొంచెం సంతోషపడినా గూడ. నర్సమ్మకు చెప్తే ఆయమ్మ నెత్తి కొట్టుకునె. "అవ్వా, అది ఎత్తు. రేపు నువ్వు బాడుగ ఎగ్గొట్టినావని చెప్తాడు. పెనుగొండ కోర్టు కాడ దుడ్లు తీసుకోకుండా ఆడోళ్ళకు సలహా చెప్పే లాయరమ్మ ఉండాది. పో."

పోయే ముందు జాకెట్లామె కాడికి పోయినా. కోర్టులో సాక్షి అడుగుతారేమో అని. మిషను ఆపలే ఆయమ్మ.

"నేనీడ ఇన్నేండ్లుగా ఉండానని, బాడుగ తప్పలేదని ఒక మాట చెప్తావా?"

"నీకేమక్కా, నువ్వు ఒంటికట్టె. యాడన్నా పడుంటావు. నాకు పాప ఉండాది, మిషను ఉండాది. నన్నూ పొమ్మంటే ఏం చేద్దును?"

"పాప కోసమే కదే నేను చెప్పింది."

"చెప్పమని నేనడిగితినా?" అనె. మిషను ఆగిపాయె. తల ఎత్తకుండానే మళ్ళ తొక్కె.

ఆమె మీద నాకు కోపం రాలే అని చెప్తే అబద్ధం. బస్సులో పెనుగొండ దాకా తిట్టుకుంటానే పోయినా. కిటికీ పక్కన కూసున్నాయప్ప లేసి ఇంకో సీట్లోకి పాయె.

లాయరమ్మ చిన్నది, నా కూతురుంటే ఆ వయసుండు. అంతా విని, "బాడుగ ఇచ్చినట్లు చీటీలేమన్నా ఉండాయా అవ్వా?" అనె.

"చేత్తో ఇస్తా, చేత్తో తీసుకుంటాడు. మధ్యలో చీటీ ఏంది తల్లీ?"

"చూడు. ఇల్లు ఆయనదే. ఆయనకు నిజంగా కావాలంటే కోర్టులో అడిగి తీసుకోవల్ల, నీకు గడువు ఇయ్యల్ల. అంతే గానీ నువ్వు ఫిర్యాదు చెప్పినావని, కోపం పెట్టుకుని, నీళ్ళాపి, కరెంటాపి, మనుషులను తెచ్చి నిన్ను తోసేసేకి కాదు. బాడుగకుండే ఆమె నోరెత్తితే ఇల్లు పోతాదంటే, ఇంక ఏ బాడుగమనిషి పగిలిన బండ గురించి చెప్తాది?"

ఆ మాట నాకు అర్థమాయె. నేను ఏడ్చినా. చట్టం గొప్పదని కాదు. ఇన్ని పొద్దులకు ఒక మనిషి నేను చెప్పింది చెప్పినట్లు విని, తిరిగి నాకు చెప్పె.

బాడుగ మనియార్డరులో పంపమనె. తీసుకున్నాడంటే నువ్వు బాడుగమనిషివని ఒప్పుకున్నట్లే, తీసుకోలేదంటే తప్పు ఆయనది అనె. తను గూడ ఆయప్పకు ఒక నోటీసు పంపె. పోస్టాఫీసులో ఉండే ఆయప్ప ఫారం నింపి, "ఈడ రెండు మాటలు రాయొచ్చవ్వా, ఏం రాద్దాం?" అని అడిగె. "ఆషాఢం బాడుగ అని రాయప్పా. ఇంకా రాయమంటే తిట్లొస్తాయి" అంటి.

పోస్టుమేను అది తీసుకుని పోయేటప్పటికి అంగడి నిండా జనాలంట. "అరుగు దిగితే కనపడే ఇంటి నుంచి పోస్టులో బాడుగ వచ్చెనే" అని ఒకడు నగినాడంట. ఆయప్ప సంతకం పెట్టి తీసుకున్నాడు. నోటీసు అందినాక, మాపుటేల నా పొయ్యి కాడికి వచ్చి బీగంచెవి అరుగు మీద పెట్టె.

"కోర్టు దాకా పోతివా? అడుగుంటే ఇచ్చుందును కదమ్మా."

"అడిగినా కదన్నా."

"ఎప్పుడడిగినావు?"

"పొద్దున్నే అడిగినా, మధ్యాన్నం అడిగినా, నువ్వు అంగడి మూసేటప్పుడు అడిగినా."

పెనం మీద రొట్టె చూస్తా కొంచేపు నిలబడినాడు. మా ఇంటాయన ఉన్నప్పుడు వచ్చి కూసుని రెండు రొట్టెలు తినిపోయేవాడు. తింటావా అని నోటి దాకా వచ్చె. అడగలే. ఆయప్పా అడగలే.

శ్రావణం వచ్చె, నేను ఖాళీ చేయలే. నన్ను కదిలించలేకపోయినాడు గానీ మిగతా వాళ్ళను కదిలించె. ఈ పక్క ఫ్యాక్టరీలు వచ్చినాక గదికి నలుగురు పిల్లోళ్ళు చేరి ఎంతంటే అంత ఇస్తాండారు. బేల్దారి వాళ్ళకు, జాకెట్లామెకు బాడుగ ఒకేసారి పెంచె. డ్రైవర్లు మళ్ళ రాలే, బేల్దారి వాళ్ళు నాతో చెప్పకుండానే పాయిరి. తర్వాత ఒకనాడు పొద్దున్నే జాకెట్లామె ఇంటి ముందర టెంపో నిలబడె.

మా ఆడోళ్ళకు ఒక పట్టింపు. బాడుగ ఇల్లు వదిలేటప్పుడు కసువూడ్చి, కడిగి, గడప ముందర ముగ్గేసి పోవల్ల. ఇల్లు మురికిగా వదిలితే పోయిన చోట నిలవనీయదంటారు. ఆమె అంతకు ముందే బీగంచెవి అంగడాయప్పకు ఇచ్చేసింది. రెండు ఉత్త బిందెలు పట్టుకుని నా పొయ్యి కాడికి వచ్చి నిలబడె. అడగలే. నేనే లేసి పోయి మూత తీసినా. ఆమె చేదె, నేను మోసినా. ఇద్దరం కలిసి గది కడిగినాము. పాప తడి నేల మీద జారుతా నగుతాండె.

"పెనుగొండకు పోదాం రావే. ఇట్ల ఒక్కసారిగా పెంచేది గూడ అడగొచ్చంట. నేనొస్తా నీతో" అంటి.

ముగ్గు వేస్తా వేస్తా ఆపె. "వద్దక్కా. ఇల్లు నిలబడుతాదేమో. నీ మాదిరి ఒక్కదాన్నే ఉండల్లంటే నాతో కాదు."

తిట్టినట్లు చెప్పలే, జాలిగా గూడ చెప్పలే. ఉన్న మాట చెప్పె. పాపను ఎత్తుకుని టెంపో ఎక్కె. హిందూపురం పక్క ఏదో ఊరు. ఊరి పేరు చెప్పింది గానీ టెంపో చప్పుడులో వినపడలే. మళ్ళ అడుగుదామంటే దూరం పాయె.

ఇప్పుడు మూడు గదుల్లోనూ ఫ్యాక్టరీ పిల్లోళ్ళే. ఎప్పుడు పోతారో ఎప్పుడొస్తారో తెలీదు, పగలు పడుకుంటారు, చెవుల్లో వైర్లు పెట్టుకుంటారు. నా రొట్టె తినరు, పొట్లాల్లో ఏదో తెచ్చుకుంటారు. చెడ్డోళ్ళు కాదు. మొన్న వాన పడినప్పుడు ఒకడు వచ్చె.

"అవ్వా, మా గదిలో రేకులు కారుతాండాయి. ఓనరుకు నువ్వు చెప్పవా? నిన్నైతే ఏమీ చేయలేడంట కదా, అందరూ చెప్తాండారు."

"నీ గదికి నేనెందుకు చెప్పల్ల? నువ్వు రా, ఇద్దరం పోదాం."

"నాకు షిఫ్టు ఉందవ్వా. మళ్ళ మమ్మల్ని పొమ్మంటే కష్టం."

"నిన్ను పొమ్మంటే యాడికి పోవల్లో, యాడ అడగల్లో నేను చూపిస్తా. బస్సు నంబరు గూడ చెప్తా. అయితే ఒక్కదాన్నే పోయి అడగను. ఒకసారి పోయినా, చాలు. నువ్వన్నా రా, నీ జతగాళ్ళనన్నా పిలుచుకుని రా. నలుగురం పోయి నిలబడదాం. అంతవరకు ఆ కారే చోట చెంబు పెట్టుకో నాయనా."

సరే అవ్వా అని తల గీరుకుంటా పోయినాడు. చెంబు అయితే పెట్టినారు, టప్ టప్ అని నాకు వినపడతాది. నేను రోజూ అంగడాయప్ప అంగడి తెరిచేటప్పటికి రొట్టెలు దించేసి, చీర సర్దుకుని అరుగు మీద కూసుంటాండా. ఇంకా ఎవురూ రాలే.